తరళ బయటికొచ్చిందా

చదువుతున్నది షాహీదా, అంటోంది ఆ పిల్ల నా చెవిలో. ప్రతి క్యాసెట్టూ ఇలాగే మొదలవుతుంది, పుస్తకం పేరు కంటే ముందు తన పేరు, పొగరు కాకపోతే ఏంటి. చూపులేని పిల్లలు వింటారు, చదివేదెవరో వాళ్ళకి ముందు తెలియాలి అని వార్డెన్ కుసుమకుమారి గారు నేర్పిందే అనుకోండి, అయినా ఆ పేరు పలకడంలో ఒక విరుపుంది, ప్రపంచంలో ఆ పేరు ఇంకెవరికీ లేనట్టు. ఆ పిల్ల నేనే. పద్దెనిమిదేళ్ళ కిందట బాపట్లలో పిన్ని ఇంట్లో ఉండి బి.ఏ. చదువుకుంటూ, సాయంత్రాలు చూపులేని పిల్లల హాస్టల్‌కి పోయి కథలు చదివి టేపు చేసిన నేను. ఇప్పటి నేను తెనాలిలో, రైలు పట్టాలకి రెండు వీధుల ఇవతల, ఈ వెనక గదిలో మంచం మీద కాళ్ళు ముడుచుకుని, మా అమ్మాయి సాదియా పాత వాక్‌మన్ దిండు కింద దాచి, తీగలు కొంగు చాటు చేసుకుని వింటున్నాను. తలుపు గడియ పెట్టుకున్నాను. మా ఆయన నాసిర్ పోయి నాలుగు నెలల పది రోజులు ఈ పొద్దు కుంకితే నిండుతాయి. మొగుడు పోయిన ఆడది ఇల్లు దాటకుండా ఉండాల్సిన గడువు, ఇద్దత్ అంటాం. అసర్ నమాజు అయిపోయింది. ఇంకో గంటకి మగ్రిబ్, పొద్దు కుంకగానే చదివే నమాజు. ఆ గంటలోపే రేపల్లె నుంచి మామయ్య, నాసిర్ వాళ్ళ నాన్న, వస్తారు, నన్ను తీసుకుపోవడానికి.

గడువు నాకు బరువనిపించలేదు, ఆ మాట చెప్పుకోవాలి. మొదటి నెల నాకు బయటికి పోవాలనే లేదు, గోడ వైపు తిరిగి పడుకుంటే చాలనిపించేది. నమాజూ బరువు కాదు, అందులో నా మాట నేను నేరుగా చెప్పుకోవచ్చు, మధ్యలో ఎవరూ ఉండరు. బరువంతా సల్మాతోనే. సల్మా నాసిర్ చెల్లెలు, పక్క వీధిలోనే కాపురం, అన్న పోయిన రోజు నుంచీ నాకు తోడుగా ఇక్కడే ఉంటోంది. తోడంటే తోడు, కాపలా అంటే కాపలా. కిటికీ మూసింది, ముందుగదికీ నా గదికీ మధ్య పరదా కట్టింది, దాని వెనక తలుపు ఎలాగూ ఉంది, అయినా కట్టింది. నీ గొంతు వాకిట్లోకి వినపడకూడదు భాభీ అంది. మసీదు హజ్రత్ గారే అవసరమైన మాట మాట్లాడొచ్చు అన్నారని సాదియా గుర్తుచేస్తే, ఆయనకేం తెలుసు మన ఇంటి సంగతి అంది. పాలవాడికి నా బదులు తనే చెప్తుంది, కరెంటాయనకి తనే చెప్తుంది, నాకు ఆకలి లేదని కూడా తనే చెప్తుంది, ఒక్కోసారి నిజంగా ఆకలేస్తున్నప్పుడు. హాస్టల్ నుంచి ఈ క్యాసెట్లు కొరియర్లో వచ్చిన కొత్తలో నాకు తెలియక టేప్‌రికార్డర్లో పెట్టాను. వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది, ఎవరితో మాట్లాడుతున్నావు భాభీ అంటూ. నాతోనే అన్నాను. టేపులో ఆ పిల్ల ఆగకుండా చదువుతూనే ఉంది, నది అడుగున నీళ్ళకి పైకప్పు ఉంది, దాని కింద జలదుర్గం ఉంది. సల్మా నా మూసిన నోరు చూసింది, టేపు చూసింది, మళ్ళీ నా నోరు చూసింది. ఆ మొహం తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది, దేవుడు క్షమించాలి, మళ్ళీ ఎప్పుడు నవ్వానో గుర్తులేదు. ఆ రోజు నుంచే ఈ వాక్‌మన్.

తరళ పడవవాడి కూతురు. నదిలో జారిపోయిన తెడ్డు కోసం మునిగి, నాగరాజు కోటలో తేలుతుంది. ఆ నాగరాజు చెడ్డవాడు కాదు, అదే ఆ పుస్తకంలో నన్ను పట్టేసింది. బుస కొట్టడు, కాటెయ్యడు. ముత్యాల మంచం వేయిస్తాడు, అన్నం తిన్నావా అని రోజూ అడుగుతాడు, నీకేం తక్కువ ఇక్కడ అంటాడు. బయటికి పోతానని మాత్రం అనకూడదు. కోటలోంచి పైకి పోయే దారిలో వాకిళ్ళున్నాయి, ఒక్కో వాకిలి దగ్గర ఒక్కో పాము, ఒక్కోటీ ఏదో ఒకటి పుచ్చుకుని గాని వదలదు. మొదటి వాకిట్లో తరళ నీడ ఇచ్చేసింది. తర్వాతి వాకిట్లో అడుగుల చప్పుడు ఇచ్చేసింది. ఆ పై వాకిట్లో తన పేరు. ఇక్కడ టేపులో నా గొంతు వణికింది, నటన కాదు, నిజంగానే వణికింది, ఎందుకంటే నేనూ అప్పుడే చదువుతున్నాను. ముందు చదివేసి వస్తే గొంతులో తెలిసిపోతుంది, ఏం జరగబోతోందో తెలిసినవాళ్ళ గొంతు వేరేగా ఉంటుంది, పిల్లలు ఇట్టే పట్టేస్తారు అని కుసుమకుమారి గారే పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేది. ఏ రోజు పేజీలు ఆ రోజే. కిటికీలకి దుప్పట్లు కట్టేవాళ్ళం చప్పుడు రాకుండా, ఆ దుప్పట్ల నిండా వేపనూనె వాసన, ఉక్కకి చెమట పుస్తకం మీద పడేది. ఎన్ని దుప్పట్లు కట్టినా రైలు మాత్రం ఆగదు కదా. రైలొచ్చిందంటే చదవడం ఆపాలి, టేపు ఆపకూడదు, రైలంతా పోయేదాకా ఊపిరి బిగబట్టి ఆగి, వదిలిన మాట దగ్గరే మళ్ళీ అందుకోవాలి. ఇదిగో, వస్తోంది. తరళ చెయ్యి చాచింది, అని ఆ పిల్ల ఆగింది. రైలు. ఇది టేపులోదా, ఇక్కడిదా? వాక్‌మన్ ఆపి విన్నాను, ఇక్కడిదే, మళ్ళీ నొక్కితే అక్కడా ఇంకా పోతూనే ఉంది. ఇక్కడిది ఎటు పోయేదో. తెనాలి నుంచి ఒక దారి బాపట్ల మీదుగా ఎక్కడెక్కడికో పోతుంది. ఇంకో దారి రేపల్లె పోతుంది. రేపల్లెలో పట్టాలు అయిపోతాయి, ఆ తర్వాత ఏమీ లేదు, రైలు కూడా వెనక్కి రావాల్సిందే.

చదువు పూర్తి కాకుండానే రేపల్లె నుంచి సంబంధం వచ్చింది. నాన్న బాపట్ల వచ్చి, ఇంటికి పద అన్నాడు, ఆ సాయంత్రమే తరళ చివరి వాకిలి దగ్గరికొచ్చింది. ఇంక కాసిన్ని పేజీలు. రేపొచ్చి చదువుతానని చెప్పి దుప్పట్లు కూడా విప్పకుండా వెళ్ళిపోయాను. ఆ రేపు రాలేదు. నాసిర్‌కి తెనాలిలో రేకు పెట్టెల కొట్టు, ఇంటి ముందు వైపే, పొద్దున్నే సుత్తి మొదలయ్యేది, టక్ టక్, రేకు వంచే చప్పుడు, రంగు వాసన. మొదట్లో తలనొప్పి వచ్చేది. ఇప్పుడు ఆ చప్పుడు లేక నిద్ర రాదు. ఒక వానాకాలం, కరెంటు పోయిన సాయంత్రం, ఏమీ తోచక ఆయనకి తరళ కథ చెప్పాను. చీకట్లో కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు, అంత లావు మనిషి, నాగరాజు అంటే నోరు తెరిచి. చివరి వాకిలి దగ్గర ఆపేశాను. తర్వాత అన్నాడు. నాకూ తెలీదన్నాను. అదేంటి అని కోప్పడ్డాడు, నేనే ఏదో దాచుకున్నట్టు. ఆ తర్వాత అది మా ఇద్దరి మధ్యా మాటైపోయింది. కొట్టు కట్టేసి చేతులు కడుక్కుంటూ, ఏంటి షాహీదా, తరళ బయటికొచ్చిందా, అన్నం అయిందా అనేవాడు. సాదియా పుట్టిన రోజు కూడా అదే అడిగాడు, మంచం పక్కన నిలబడి, తరళ బయటికొచ్చిందా అని, నర్సమ్మకి అర్థంకాక పాప పేరు తరళా అండి అంది. నాకు ఆయనంటే ఇష్టం. చాలా ఇష్టం. అందుకే మండుతోంది. బాపట్ల ఎంత దూరం? గంటైనా పట్టదు రైల్లో. పద్దెనిమిదేళ్ళు ఆ మాట అని నవ్వాడే గాని, పద పోయి చూసొద్దాం అని ఒక్కసారీ అనలేదు. మన ఇంటి గొంతు ఎవరెవరో వినడం ఎందుకులే అన్నాడు ఒకసారి, ఎంతో మెత్తగా, నా తలలో పేలు చూస్తున్నంత మెత్తగా. నేనూ ఊఁ అన్నాను. ఎవరి మీద కోపగించుకోను, మట్టిలో ఉన్న మనిషి మీదా?

మామయ్య ఇమామ్ సాహెబ్ కూడా అంతే. ఆయన కోప్పడగా నేను చూడలేదు. రేపల్లె నుంచి వచ్చినప్పుడల్లా నాకు ఇష్టమని రొయ్యలు తెస్తారు, తెచ్చి, సల్మా, మీ వదినకి ఇవ్వు అంటారు. ఆ ఇంట్లో కోడలు మామగారితో నేరుగా మాట్లాడదు, ఆయనా కోడలితో నేరుగా అనరు, మధ్యలో ఎప్పుడూ ఎవరో ఒకరుండి ఇటు మాట అటు అందిస్తారు. పద్దెనిమిదేళ్ళలో ఆయన నా గొంతు సరిగ్గా విన్నారో లేదో. ఇప్పుడు ఆయన మేడ మీద గది కట్టించారు నాకూ సాదియాకీ, సున్నం కూడా వేయించారట. మరిది ఆరిఫ్ కొట్టు చూసుకుంటాడట. సాదియాని పది అయ్యాక మానిపిస్తే మంచిదట, అక్కడ కాలేజీ దూరమట. నీకేం తక్కువ అక్కడ, అంది సల్మా, ఏమీ తక్కువ లేదు, అదే కదా భయం. అత్తవారి వైపు ఒక ఆనవాయితీ ఉంది, మతంలో లేదు, వాళ్ళ ఇంట్లోనే ఉంది. గడువు తీరిన ఆడది మొదటిసారి గడప దాటి ఏ ఇంట్లో అడుగు పెడితే, ఇక ఆ ఇంటి మనిషేనట. సల్మా వాళ్ళ మేనత్త అలాగే అన్నగారింట్లో అడుగుపెట్టి, చచ్చేదాకా అక్కడే ఉంది, వాళ్ళ పిల్లలందరికీ తలలు దువ్వుతూ. అందుకే మామయ్య ఈ సాయంత్రమే వస్తున్నారు, మగ్రిబ్ కాగానే కారులో నేరుగా రేపల్లె. నా అడుగు ఇంకెక్కడా పడకూడదు. నాసిర్ చేసిన ఆకుపచ్చ పెట్టెలో సల్మా నా చీరలు సర్దేసింది. నన్ను వస్తావా అని ఎవరూ అడగలేదు, రానని నేనూ అనలేదు. ఎక్కడ అనాలి? ఎవరితో అనాలి? నా మాట అడగాల్సిన వాళ్ళంతా నా మీద ప్రేమతోనే ఉన్నారు.

రూతు ఫోను చేసింది పోయిన నెలలో. ముందు సల్మాయే తీసింది, మా భాభీ మాట్లాడదండి అంది. అవతల ఏమందో, ఆడగొంతే కదా అని విసుక్కుంటూ నాకిచ్చింది. నన్ను మీరు గుర్తుపట్టరులెండి, హాస్టల్లో చదువుకున్నదాన్ని, ఇప్పుడు ఇక్కడే క్యాసెట్ల గది నాదే అండి, అంది. నాసిర్ సంగతి ఎలాగో తెలిసిందట. పాత క్యాసెట్లన్నీ సీడీల్లోకి ఎక్కించాం, పాతవి మీకు పంపుతాను, ఆ పుస్తకం ఇంకా బీరువాలోనే ఉందండి, ఎవరినీ చదవనివ్వలేదు మేము, అంది. తర్వాత కాస్త ఆగి, చదివేవాళ్ళకి ఇప్పుడు జీతం ఇస్తున్నాం అండి, రోజూ వచ్చిపోవచ్చు, అంది. సల్మా పక్కనే నిలబడి ఉంది. సరేనమ్మా అని పెట్టేశాను. సరేనమ్మా అంటే ఏమిటో నాకే తెలీదు. కొరియర్లో అట్టపెట్టె వచ్చింది, చివరి క్యాసెట్టు మీద చిన్న కాగితం అంటించి ఉంది, ఇది ఆఖర్న వినండి అని. ఆఖర్న అంటే ఈ రోజే. దీన్ని దాటితే మేడ మీద గదిలో ఎవరి ముందు వింటాను.

గొంతు లావవుతోంది. ఆ పిల్ల గొంతు మెల్లమెల్లగా కిందికి దిగి, బరువెక్కి, ఇదుగో, ఇప్పటి నా గొంతైపోయింది. భయమేసింది ఒక్క క్షణం. బ్యాటరీలు. టీవీ రిమోటులోవి తీసి వేశాను, ఈ ఇంట్లో టీవీ పెట్టక నాలుగు నెలలైంది, వాటికేం, కొత్తవే. మళ్ళీ పిల్ల గొంతొచ్చింది, చకచకా. తరళకి ఇప్పుడు నీడ లేదు, అడుగుల చప్పుడు లేదు, పేరు లేదు. చివరి వాకిలి కనిపించింది. అక్కడ కాపలా ఎవరూ లేరు. పాము లేదు, పుచ్చుకునేవాళ్ళు లేరు. నల్లటి తలుపొక్కటే ఉంది. తరళ తలుపు ముందు నిలబడింది. అయిపోయింది. దీని తర్వాత నాన్న వచ్చాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది, నేను ఇక్కడ అన్నం వండుతున్నాను, ఇస్త్రీ చేస్తున్నాను, పెట్టెలకి రంగు ఆరిందో లేదో చూస్తున్నాను. టేపు తిరుగుతూనే ఉంది, ఉత్త గాలి చప్పుడు, దూరంగా ఎవరో దగ్గారు. ఆపేద్దామని వేలు పెట్టాను. అప్పుడు కుసుమకుమారి గారి గొంతు, ఆవిడ పోయి కూడా చాలా ఏళ్ళైంది, అక్క రాలేదు కదర్రా, తర్వాత ఏమవుతుందో మీరే చెప్పండి, ఒక్కొక్కళ్ళూ పేరు చెప్పి చెప్పండి అంటోంది. గుసగుసలు, నవ్వులు, బల్ల జరిగిన చప్పుడు. నా పేరు బసవేశ్వరరావు అండి, తరళ కత్తి తీసి తలుపు నరికేసిందండి. కత్తెక్కడిదిరా అని ఇంకెవరో. కింద పడుందండి. ఇంకో పిల్లాడు, వాళ్ళ నాన్న పడవేసుకుని వచ్చేస్తాడండి, వచ్చి బయటి నుంచి తలుపు కొడతాడండి అన్నాడు. ఇంకో పిల్ల, నాగరాజు పాపం మంచివాడు కదండి, ఆయన్నే అడిగితే తీసేవాడండి అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి, కొంగు నోట్లో కుక్కుకున్నాను, సల్మా వింటుందని. ఎవరూ నన్ను తిట్టలేదు. అక్క ఎందుకు రాలేదని ఒక్కళ్ళూ అడగలేదు. కత్తి, నాన్న, నాగరాజు, అందరూ నాకు తెలుసు, అందరి కోసం ఎదురుచూశాను నేను కూడా.

నా పేరు రూతు అండి. సన్నటి గొంతు, ముక్కుతో మాట్లాడినట్టు, జలుబేమో. ఆ తలుపు తరళే తీసుకోవచ్చండి. ఎలా తీస్తుందే, నల్లగా మూసుందని అక్క చదివింది కదా అన్నారెవరో. అక్క మూసుందని చదవలేదు, తలుపు ఉందని చదివింది, అంది రూతు, మొండిగా. తరళకి కళ్ళున్నాయి కదండి, అందుకే దూరం నుంచి చూసి ఆగిపోయింది. మేమైతే దగ్గరికి పోయి తడుముతాం కదండి. తడిమితే తెలుస్తుంది. దాని గడియ లోపలివైపే ఉంది. టేపు టక్కుమని ఆగిపోయింది, మీట నొక్కేశారు ఎవరో. నేను తీగలు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నేను పెట్టుకున్న గడియ నా ఎదురుగానే ఉంది, ఇనప గడియ, నాసిర్ బిగించిందే, మధ్యాహ్నం సల్మా రాకుండా నా చేత్తో నేనే వేసింది.

బయట కారు ఆగిన చప్పుడు. సల్మా చెప్పులు గబగబా. మామయ్య గొంతు, దగ్గు, కుర్చీ లాగిన చప్పుడు. సాదియా నీళ్ళు తెచ్చి ఉంటుంది, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. అన్నీ చప్పుళ్ళే, ఒక్కటీ కనిపించదు, హాస్టల్ పిల్లల్లాగే వింటున్నాను. మామయ్య మెల్లగా అన్నారు, "సల్మా, మీ వదిన సామాను సర్దుకుందా?"

"సర్దుకుంది అబ్బా. ఎప్పుడో అయిపోయింది," అంది సల్మా తండ్రితో.

"మనసుకి ఇష్టంగానే వస్తోందా? అడుగమ్మా."

అడగమంటున్నారు. ఆయన అడగమంటున్నారు. సల్మా ఈ తలుపు దాకా వస్తుందేమో, పరదా దగ్గర నిలబడి భాభీ అని పిలుస్తుందేమో అని చూశాను. అడుగు కూడా వెయ్యలేదు. కుర్చీ పక్కనే నిలబడి చెప్పేసింది, "ఇష్టంగానే వస్తానంటోంది అబ్బా. మనం కాకపోతే ఇంకెవరున్నారు తనకి."

ఇంత సులువుగానా. పాలవాడికి చెప్పినంత సులువుగా. కోపం కూడా రాలేదు నాకు. లేచాను. మంచం నుంచి తలుపు దాకా ఎన్నిసార్లు నడిచానో ఈ నాలుగు నెలల్లో, ఇప్పుడు కళ్ళు మూసుకుని నడిచాను, ఎందుకో నాకే తెలియదు, చెయ్యి చాచి. చెక్క తగిలింది. చెక్క మీద చెయ్యి పాకించాను, చల్లగా ఇనుము తగిలింది. గడియ తీశాను. చప్పుడైంది, పెద్ద చప్పుడే. ముందుగదిలో మాటలు ఆగాయి. పరదా నా మొహానికి తగులుతోంది, అవతల ఆయన కుర్చీ, తెల్ల గడ్డం మసకమసకగా. పరదా తియ్యలేదు, ఆయన మర్యాద ఆయనది, నా మర్యాద నాది. నోరు తెరిచాను. అప్పుడే రైలొచ్చింది.

వస్తే రానీ. ఈ పని నాకొచ్చు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. గోడలు అదిరాయి, గ్లాసు గలగలమంది, సల్మా, భాభీ లోపలికి పో అని సైగ చేస్తోంది పరదా పక్కనుంచి. డబ్బా తర్వాత డబ్బా, పొడుగాటి రైలు, బాపట్ల వైపు పోయేదే అయ్యుంటుంది. ఆఖరి డబ్బా పోయేదాకా ఆగాను. ఆ తర్వాత ఇంకో క్షణం ఆగాను, టేపులో మాట శుభ్రంగా పడాలంటే అంత ఆగాలి. అప్పుడు, మాట చివర గొంతు జారకుండా, వాకిట్లోకి వినపడేలా అన్నాను.

"మామయ్యా, మాట్లాడుతున్నది షాహీదా. మీ మీద నాకు గౌరవమే అండి. కానీ నేను రేపల్లె రావటం లేదు. ఈ ఇంట్లోనే ఉంటాను, సాదియా ఇక్కడే చదువుకుంటుంది. రేపు పొద్దున బాపట్ల వెళ్తాను, అక్కడ పిల్లలకి పుస్తకం చదవాలి. నా మొదటి అడుగు అక్కడ పడుతుంది."

సల్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సాదియా కనిపించడం లేదు, ఎక్కడో నిలబడి ఉంది, దాని ఊపిరి వినిపిస్తోంది. నా గొంతు వణకలేదు, ఆ సంగతి గమనించాను. మగ్రిబ్ అజాన్ ఇంకా కాలేదు. సల్మా అందుకుంది, "అబ్బా, మనసు బాగాలేక ఏదో అంటోంది, భాభీ ఉద్దేశం అది కాదు, అసలు..."

"నువ్వుండు సల్మా," అన్నారు మామయ్య. కుర్చీ కిర్రుమంది, ఇటువైపు తిరిగినట్టున్నారు. తర్వాత, మధ్యలో ఎవరూ లేకుండా, మొదటిసారి నాతోనే అన్నారు.

"చెప్పమ్మా. వింటున్నాను."